పక్షవాతం, ప్రారబ్ధం, నాలుగున్నర గంటలు

మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనిలో గడ్డ అడ్డం పడి, ఆ దారిన నెత్తురు అందాల్సిన భాగం చచ్చుబడటాన్ని ఇస్కీమిక్ స్ట్రోక్ అంటారు. తెలుగు ఇళ్లలో దాని పేరు పక్షవాతం, రాయపూర్ వీధుల్లో లకవా. మూతి ఒక పక్కకు వంకర పోతుంది, చెయ్యీ కాలూ పడిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఒక్కోసారి అసలే రాదు. చాలామందికి నొప్పి ఉండదు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేచేసరికి సగం మనిషై ఉంటాడు. కొట్టినవాడు కనిపించడు, గాయం కనిపించదు. అందుకే ఈ జబ్బు వచ్చిన ఇంట్లో డాక్టరు మాటకంటే ముందు వినిపించేది "రాసిపెట్టి ఉంది" అన్న మాట. ఆ మాటకు ఎంత బరువు ఇవ్వాలి, ఏ వేళ ఇవ్వాలి అన్నది కర్మను నమ్మేవాళ్లు తప్పించుకోలేని ప్రశ్న. స్కాన్ యంత్రాలు వచ్చాక ఆ ప్రశ్న మరింత పదునెక్కింది.

రాయపూర్ నగరంలోని పండరీలో ఈ ప్రశ్న పుస్తకాల్లో ఆగిపోదు. రాయపూర్ జిల్లా ఆసుపత్రి ఉన్నది ఇక్కడే. పేరున్న బట్టల బజారూ ఇక్కడే, కొన్నేళ్ల కిందటి దాకా ఊరి పెద్ద బస్టాండూ ఇక్కడే. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సు దిగినవాళ్లు సరుకు కోసమో వైద్యం కోసమో నడిచే వీధులివి. 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలుమార్గం వెంట పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ ఈ నగరంలో చాలా ఉన్నాయి. తలరాత అనేవాళ్లు, నసీబ్ అనేవాళ్లు, కరమ్ అనేవాళ్లు ఒకే వార్డు వరండాలో కూర్చుంటారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో లకవా పడితే ముందు బైగా అనే మంత్రగాణ్ని పిలిచి ఝాడ్‌ఫూంక్ చేయించే అలవాటు ఇంకా పోలేదు. తెలుగు పల్లెల్లో పావురం నెత్తురు రాసేవాళ్లున్నారు. హిందీ ప్రాంతాల రోగులు రాజస్థాన్‌లోని బుటాటీ ధామ్‌కు వెళ్లి ఏడు రోజులు ప్రదక్షిణలు చేసి వస్తారు. గుడి చుట్టూ తిరగడంలో తప్పేమీ లేదు. ఆ ప్రదక్షిణలు మొదటి గంటల్ని మింగేస్తేనే చేటు.

మొదటి గంటల్లో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ తేడా బోధపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడులో ప్రతి 100 గ్రాముల కణజాలానికీ నిమిషానికి దాదాపు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20కి దిగితే కణాలు పని మానేస్తాయి, కానీ చావవు. 10 కంటే దిగువకు పోతే కొద్ది నిమిషాల్లోనే చస్తాయి. గడ్డ అడ్డం పడినప్పుడు నడిమధ్యన ఉన్న భాగం ఈ చచ్చే స్థితిలోకి జారిపోతుంది. దాని చుట్టూ ఉన్న భాగానికి పక్క ధమనుల నుంచి కొద్దికొద్దిగా నెత్తురు అందుతూ ఉంటుంది కనుక అది పని మానేసినా చావని స్థితిలో కొట్టుమిట్టాడుతుంది. చచ్చిన భాగాన్ని వైద్యులు కోర్ అంటారు. బతికే ఉండి పని మానేసిన భాగానికి, గ్రహణ వేళ పడే పలచని నీడ పేరు తెచ్చి, పెనంబ్రా అని పేరు పెట్టారు. పైకి చూస్తే రెండింటికీ తేడా లేదు. పెనంబ్రాలో ఉన్నా కోర్‌లో ఉన్నా చెయ్యి లేవదు. పడిపోయిన చేతిని చూసి ఇంతే రాత అని తేల్చేవాళ్లకు ఆ చేతిని కదిలించే కణాలు ఇంకా చావలేదన్న సంగతి తెలిసే వీలు లేదు. అయితే అవి ఎంతోకాలం ఆగవు. పెద్ద ధమని మూసుకుపోయిన స్ట్రోక్‌లో నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్క కట్టాడు.

బతికున్న మనిషి పుర్రెలోని మెదడు కణజాలాన్ని కోయకుండా చూపించిన మొదటి సీటీ స్కాన్ 1971 అక్టోబర్ 1న లండన్ శివారులోని ఆట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో జరిగింది. ఆ యంత్రాన్ని రూపొందించిన హౌన్స్‌ఫీల్డ్‌కు, దాని గణితాన్ని ముందే వేసిన కోర్మాక్‌కు 1979లో నోబెల్ వచ్చింది. నేటికీ పక్షవాతం రోగికి ముందు తీసేది సాదా సీటీయే. అది మొదట చెప్పాల్సింది రక్తనాళం చిట్లిందా, మూసుకుపోయిందా అన్నది. రెండింటి లక్షణాలూ ఒకటే, వైద్యాలు మాత్రం ఒకదానికొకటి విరుద్ధం. నాళం చిట్లిన మెదడుకు గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణం తీసినట్టే. చిందిన నెత్తురు సీటీలో తెల్లగా కనిపిస్తుంది. మూసుకుపోయినప్పుడు మొదటి గంటల్లో చిత్రం దాదాపు మామూలుగానే ఉండవచ్చు. అనుభవమున్న కంటికి మాత్రం బూడిద, తెలుపు పదార్థాల మధ్య గీత ఒకచోట చెదరడం, మూసుకుపోయిన ధమని సన్నని తెల్లగీతగా తేలడం కనిపిస్తాయి. రంగు మందు ఎక్కించి తీసే సీటీ యాంజియో గడ్డ ఎక్కడుందో చూపిస్తుంది. పర్‌ఫ్యూజన్ స్కాన్ ఏ భాగానికి నెత్తురు ఎంత ఆలస్యంగా చేరుతోందో కొలిచి, కోర్‌ను ఒక రంగులో, పెనంబ్రాను మరో రంగులో వేసి చూపిస్తుంది. ఎంఆర్ఐలో డిఫ్యూజన్ అనే పద్ధతి ఉంది. ఉబ్బిన కణాల వద్ద నీటి అణువుల కదలిక తగ్గడాన్ని అది పట్టుకుంటుంది, స్ట్రోక్ మొదలైన కొద్ది నిమిషాలకే ఆ చోటు వెలుగుతుంది.

స్కాన్ చిత్రంలో జరిగిపోయిందీ, ఇంకా జరగనిదీ పక్కపక్కనే రెండు రంగుల్లో నిలుస్తాయి. భారతీయ చింతన ఈ విభజనను ఎన్నడో వేరే మాటల్లో చర్చించింది. వేదాంతం ప్రకారం ఫలమివ్వడం మొదలుపెట్టిన కర్మ ప్రారబ్ధం, దాన్ని అనుభవించి తీరాలి. ఇప్పుడు చేస్తున్నది ఆగామి. జ్ఞానికి కూడా ప్రారబ్ధం తప్పదని శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో అంగీకరించారు. ఈ ఒక్క ముక్కను పట్టుకుని, వచ్చిన రోగమంతా ప్రారబ్ధమే, వైద్యం దాన్ని మార్చలేదు అని తేల్చేవాళ్లున్నారు. శాస్త్రం వాళ్లకు అంత తేలిగ్గా దొరకదు.

చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు గురువు ఆత్రేయుణ్ని నేరుగా ఇదే అడుగుతాడు: ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా, లేదా? ఆత్రేయుడు ఒక్క ముక్కలో జవాబివ్వడు. పూర్వదేహంలో చేసింది దైవం, ఈ దేహంలో చేసేది పురుషకారం, రెండింటికీ బలాబలాలున్నాయి అంటాడు. దైవం బలహీనమైతే గట్టి ప్రయత్నం దాన్ని అణచివేస్తుంది. దైవం బలమైనదైతే ప్రయత్నాన్ని అది అణచివేస్తుంది. అంతా నిర్ణయమే అయితే మందులెందుకు, మంత్రాలెందుకు, క్రూరమృగాన్ని చూసి తప్పుకోవడమెందుకు అని తిరిగి అడుగుతాడు. అకాల మరణాన్ని వివరించడానికి బండి ఇరుసును చూపిస్తాడు. మంచి ఇరుసు తన కాలం తీరాక అరిగిపోతుంది. అదే ఇరుసు ఎక్కువ బరువు వేస్తేనో, గతుకుల దారిన తోలితేనో, నూనె పెట్టకపోతేనో నడిదారిలో విరుగుతుంది. రక్తపోటు, షుగర్, పొగాకు గురించి నేటి డాక్టరు చెప్పేది ఈ ఇరుసుకు వర్తించే విషయమే. చరకుడి లెక్కలో దైవం అనేది ఆకాశం నుంచి ఊడిపడేది కాదన్నది గుర్తుంచుకోవాలి. అది నిన్నటి పురుషకారమే. నిన్న మనిషి చేసింది ఇంత బలమైనదైతే ఈ రోజు చేసేది బలహీనం ఎందుకవుతుందో నియతివాది చెప్పలేడు.

రాయపూర్ వ్యాపారుల్లో జైనులు చాలామంది. వాళ్ల ఆగమాల్లో ఒకటైన ఉవాసగదసావోలో సద్దాలపుత్తుడనే కుమ్మరి కథ ఉంది. అతను ఆజీవికుల గురువు మక్ఖలి గోశాలుడి నియతివాదాన్ని నమ్మినవాడు. ఒకరోజు కుండలు ఎండబెట్టుకుంటుంటే మహావీరుడు వచ్చి, ఇవి నీ శ్రమవల్ల అయ్యాయా, ఊరికే అయ్యాయా అని అడుగుతాడు. అంతా నియతే, శ్రమ అనేదే లేదంటాడు కుమ్మరి. మరి ఎవడైనా వచ్చి ఈ కుండలు పగలగొడితే ఏం చేస్తావంటే, పట్టుకుని కొడతానంటాడు. శ్రమే లేనప్పుడు పగలగొట్టినవాడి తప్పేముంది అని మహావీరుడు అడిగేసరికి సద్దాలపుత్తుడి వాదం అక్కడే ఆగిపోయింది. జైన దార్శనికుడు సిద్ధసేన దివాకరుడు కాలం, స్వభావం, నియతి, పూర్వకర్మ, పురుషకారం అన్న ఐదూ కలిస్తేనే కార్యమని, వీటిలో ఏ ఒక్కదాన్నే పట్టుకున్నా అది మిథ్యాదృష్టి అని సన్మతితర్కంలో తేల్చాడు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం కూడా కార్యానికి ఐదు కారణాలు లెక్కపెట్టి దైవాన్ని ఐదోదిగా నిలిపింది. బౌద్ధులది మరీ వైద్యుల ధోరణి. సంయుత్తనికాయంలో శివకుడనే పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు వేదనకు ఎనిమిది కారణాలు చెబుతాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, మూడింటి కలయిక, ఋతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి దెబ్బ, ఆ తర్వాతే కర్మఫలం. అంతా పూర్వకర్మే అనేవాళ్లు లోకంలో కళ్లెదుట తెలిసినదాన్ని దాటి మాట్లాడుతున్నారని అంటాడు. ఇన్ని దారుల్లో దేనిలోనూ "రాత ఉంది కనుక ఊరుకో" అన్న బోధ లేదు.

నమ్మకస్థుడికి ఒక ఎదురుమాట మిగులుతుంది: వేళకు ఆసుపత్రికి చేరడమూ రాతే, చేరకపోవడమూ రాతే. ఈ మాటను ఎవరూ కొట్టివేయలేరు, ఏం జరిగినా అది నిలుస్తుంది. అయితే ఏం జరిగినా నిలిచే మాట, ఇప్పుడేం చెయ్యాలన్న మనిషికి దారి చూపలేదు. న్యాయ వైశేషికులు కూడా అదృష్టమనే కర్మశక్తిని కంటికి కనిపించేదిగా ఏనాడూ చెప్పలేదు, ఫలాన్ని చూసి వెనక్కి ఊహించవలసినదిగానే లెక్కించారు. ఫలం రాకముందే విధిని సాక్ష్యానికి పిలవడం వాళ్ల తర్కంలోనూ చెల్లదు. స్ట్రోక్ విషయంలో ఇది మరింత నిజం, ఎందుకంటే ఇక్కడ విధి గీత అనుకున్నది కదులుతూ వచ్చింది.

1995 దాకా మూసుకుపోయిన మెదడు ధమనిని వేళకు తెరిచే నిరూపితమైన మందు లేదు. మూడు గంటల లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే మూడు నెలల తర్వాత దాదాపు వైకల్యం లేకుండా మిగిలేవాళ్ల సంఖ్య పెరుగుతుందని ఆ ఏడాది అమెరికాలో జరిగిన ఎన్ఐఎన్‌డీఎస్ పరీక్ష చూపింది. మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం మందు తీసుకున్నవాళ్లలో 6.4 శాతం, తీసుకోనివాళ్లలో 0.6 శాతం. అంటే ఫలం ఖాయం కాదు, ముప్పూ ఉంది. అయినా మొత్తం మీద లాభమే ఎక్కువ. 2008లో గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే చికిత్స పెద్ద ధమని మూసుకుపోయినవాళ్లకు మేలు చేస్తుందని 2015లో ఐదు పరీక్షలు తేల్చాయి. 2018లో వచ్చిన డాన్ పరీక్షలో ఆరు నుంచి ఇరవైనాలుగు గంటల మధ్య వచ్చినవాళ్లను కూడా తీసుకున్నారు. కోర్ చిన్నదై, ప్రమాదంలో ఉన్న భాగం పెద్దదని స్కాన్, లక్షణాలు కలిపి చెప్పినవాళ్లనే ఎంచుకున్నారు. గడ్డ లాగినవాళ్లలో 49 శాతం, లాగనివాళ్లలో 13 శాతం మూడు నెలలకు తమ పని తాము చేసుకోగలిగారు. నిద్రలోనే స్ట్రోక్ వచ్చి ఎప్పుడు మొదలైందో తెలియని వాళ్లలోనూ, ఎంఆర్ఐలోని రెండు చిత్రాలను పోల్చి మందు ఇవ్వదగినవాళ్లను ఎంచవచ్చని అదే ఏడాది తేలింది. రెండు తరాల కిందట ఇదే స్థితిలో ఉన్నవాళ్లను ప్రారబ్ధం ఖాతాలో రాసి ఇంటికి తీసుకెళ్లారు. వాళ్ల కర్మ వేరు, వీళ్ల కర్మ వేరు అనడం కంటే, మనిషి ప్రయత్నానికి అందే మేర పెరిగిందనడమే నిజాయితీ.

కర్మచర్చలో పెద్దగా పట్టించుకోని చిక్కు ఒకటి పక్షవాతంలో ముందుకొస్తుంది. సిద్ధాంతంలో కర్మ అనుభవించేవాడూ ప్రయత్నం చేసేవాడూ ఒకడే. ఇక్కడ దెబ్బ తగిలింది ప్రయత్నం పుట్టే చోటికే. మాట పడిపోయినవాడు సాయం అడగలేడు. కుడి మెదడు దెబ్బతిన్న రోగుల్లో కొందరికి తమ ఎడమ చెయ్యి పడిపోయిందన్న సంగతే తెలియదు. చెయ్యి ఎత్తమంటే ఎత్తానంటారు, మంచం మీద ఉన్న తమ చేతిని చూపిస్తే అది తమది కాదంటారు. అలాంటి మనిషిని ప్రయత్నం చెయ్యమనడం కుదరదు. ఆయన పురుషకారం పక్కనున్నవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయింది. చరకుడు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. స్ట్రోక్‌లో మూడో పాదమే అన్నింటికంటే ముందు నేల తాకాలి. అత్యవసర విభాగంలో డాక్టరు మొదట అడిగేది "ఆఖరుసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారు?" అని. ఆ ఒక్క జవాబు మీద మందు ఇవ్వడమో మానడమో ఆధారపడుతుంది. టీ అందించిన కోడలో, షట్టరు ఎత్తుతుండగా పలకరించిన పక్క దుకాణదారో చెప్పగల సమయం అది.

మూడో పాదం ఒక్క కుటుంబంతో ఆగదు. గడ్డ కరిగించడానికి సీటీ యంత్రం, దాన్ని చదివే డాక్టరు, మందు ఉంటే చాలు. గడ్డ లాగడానికి క్యాథ్ ల్యాబ్, శిక్షణ పొందిన బృందం రాత్రింబవళ్లు సిద్ధంగా ఉండాలి. రాయపూర్‌లో 1963లో పెట్టిన వైద్యకళాశాలకు అనుబంధంగా జనం మేకాహారా అని పిలిచే అంబేడ్కర్ ఆసుపత్రి ఉంది, 2012 నుంచి టాటీబంధ్‌లో ఎయిమ్స్ ఉంది. బస్తర్ అడవుల్లోని మనిషికి ఇవన్నీ ఒక పూట ప్రయాణం పైనే. పండరీలో పుట్టినవాడికీ బస్తర్‌లోని అబూఝ్‌మాడ్‌లో పుట్టినవాడికీ ధమనులు ఒకటే, నాలుగున్నర గంటలూ ఒకటే. ఇద్దరి ఫలాల మధ్య తేడాను పూర్వజన్మకు అంటగట్టడం రోడ్డు వెయ్యనివాళ్లను, యంత్రం పెట్టనివాళ్లను ఖాతాలోంచి కొట్టివేయడమే. పరుల ప్రయత్నలోపానికి రోగి కర్మ అని పేరు పెట్టడం ధర్మమెలా అవుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లో ఇదే ప్రశ్న పిల్లల విషయంలో మరింత బాధిస్తుంది. ఇక్కడి ఆదివాసుల్లోను, మరికొన్ని కులాల్లోను సికిల్ సెల్ వ్యాధి ఎక్కువ. రాయపూర్‌లో దీనికోసమే ప్రత్యేక సంస్థ ఉంది. కొడవలిలా వంగిన ఎర్రకణాలు మెదడు ధమనుల గోడలను దెబ్బతీసి, దారి ఇరుకు చేసి, పసిపిల్లలకు కూడా పక్షవాతం తెస్తాయి. భారతీయ పిల్లల్లో ఇది ఆఫ్రికా సంతతి పిల్లల్లోకంటే తక్కువ, అయినా లేకపోలేదు. నాలుగేళ్ల పిల్ల కాలు ఈడుస్తుంటే ఏ పొగాకునూ, ఏ ఉప్పునూ తప్పు పట్టలేం. అప్పుడు పూర్వజన్మ పాపమో, తల్లి చేసిన దోషమో అన్న మాట బయటికొస్తుంది. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ చెరో జన్యువు వస్తేనే కలిగే జబ్బు, ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఇందులో దోషమన్నది ఎవరికీ లేదు. పైగా ముందే పసిగట్టే దారి ఉంది. కణత మీద పరికరం ఆనించి తీసే ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ అనే అల్ట్రాసౌండ్ పరీక్ష మెదడు ధమనిలో నెత్తురు వేగాన్ని కొలుస్తుంది. అది సెకనుకు 200 సెంటీమీటర్లు, ఆ పైన ఉంటే ముప్పు ఎక్కువ. అలాంటి పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే మొదటి స్ట్రోక్ దాదాపు 90 శాతం తగ్గుతుందని 1998లో స్టాప్ అనే పరీక్ష చూపింది. హైడ్రాక్సీయూరియా మాత్రలూ తోడ్పడతాయి. రానున్న దెబ్బను ముందే వినిపించే పరీక్ష ఉండగా, దెబ్బ తగిలాక పూర్వజన్మను తవ్వడం పిల్లకు చేసే రెండో అన్యాయం.

ప్రయత్నం ఓడిపోయే చోటు కూడా ఉంది, దాన్ని దాచడం తగదు. పెద్ద ధమని తెరుచుకోక మెదడులో ఒక సగం చాలామేర చచ్చి ఉబ్బితే పుర్రెలో చోటు చాలదు. అరవై ఏళ్ల లోపువాళ్లకు పుర్రె ఎముక కొంత తీసి ఉబ్బుకు చోటిచ్చే శస్త్రచికిత్స ఉంది. ఐరోపాలో జరిగిన మూడు పరీక్షల ఫలితాలను 2007లో కలిపి చూస్తే, ఏడాది తర్వాత బతికున్నవాళ్లు ఆపరేషన్ లేనివాళ్లలో 29 శాతం, అయినవాళ్లలో 78 శాతం. బతికినవాళ్లలో చాలామందికి మిగిలిన జీవితమంతా ఇంకొకరి సాయం కావాలి. ఇక్కడ స్కాన్ ఏమీ చెప్పదు. ఎలాంటి బతుకు రోగి కోరుకునేవాడో ఇంటివాళ్లే చెప్పాలి.

ఆయుష్షును పొడిగించడం గురించి ఈ నేలకే చెందిన పాత కథ ఒకటుంది. ఏడో శతాబ్దంలో దక్షిణ కోసలానికి, అంటే నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్, కృష్ణాతీరంలో కొండకు పేరైన నాగార్జునుడే ఇక్కడ శాతవాహన రాజు ఆదరణలో ఉన్నాడని విని రాసుకున్నాడు. ఔషధ బలంతో ఆచార్యుడు వందల ఏళ్లు బతికాడు, మందు పంచుకున్న రాజూ బతికాడు. సింహాసనం కోసం వేచి విసిగిన రాకుమారుడు వచ్చి తల దానమడిగితే నాగార్జునుడు తన మెడ తానే కోసుకున్నాడు, ఆ వెంటే రాజూ పోయాడు. అంత మందు తెలిసినవాడికి కూడా బతుకు పొడవే పరమార్థం కాలేదన్నది ఆ కథ నమ్మినవాళ్ల భావం. పుర్రె తెరవాలా వద్దా అని తేల్చుకోవలసిన కుటుంబానికి ఇది ఆజ్ఞ కాదు. రెండు జవాబులూ ధర్మంలో ఇమడగలవు, డాక్టరుగానీ పురోహితుడుగానీ ఒకదాన్ని పాపమనకూడదు.

చచ్చిన కణాలను ఏ చికిత్సా లేపదు. ప్రారబ్ధమన్న మాటకు న్యాయంగా చెందేది స్కాన్‌లో కోర్‌గా నిలిచిన ఆ భాగమే. దాన్ని ఒప్పుకోవడం ఓటమి కాదు. ఒప్పుకున్నవాడే ఫిజియోథెరపీ బల్ల మీద మళ్లీ వేళ్లు ముడవడం నేర్చుకుంటాడు, పక్కనున్న మెదడు భాగాలు పోయినదాని పని కొంత మీద వేసుకుంటాయి. ఇది మొదటి నెలల్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుంది. "నా రాత" అని రోజంతా గోడవైపు తిరిగి పడుకునే రోగికి చాలాసార్లు ఉండేది వైరాగ్యం కాదు, స్ట్రోక్ తర్వాత తరచుగా వచ్చే కుంగుబాటు, దానికీ మందుంది. ఇంకోసారి గడ్డ రాకుండా వాడవలసినవి వేరే ఉన్నాయి. గుండె లయ తప్పినవాళ్లకు రక్తం పలచనయ్యే మందు, మిగతా చాలామందికి ఆస్పిరిన్, వాటితో పాటు బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర. ఇవన్నీ శాస్త్రం ఆగామి అన్న ఖాతాలోకి వస్తాయి. ఆ మాత్రలు నెలనెలా కొనే స్తోమత ఇంట్లో ఉందా, దగ్గరి ఆరోగ్యకేంద్రంలో ఉచితంగా దొరుకుతున్నాయా అన్నదాన్ని బట్టి ఆ ఖాతాలో ఎవరి పాలు ఎంతో తేలుతుంది.